ఉన్నిపోగు సాగుట – మరలుట



“ఎక్కడ వేసిన గొంగళి అక్కడనే” యను సామెతను మన మెన్నియో మారులు వినియున్నాము. పని ముందునకు నడవనప్పుడును, మనిషి తీరు మారనప్పుడును ఆ మాట యందుము. ఆ సామెతను పుట్టించినవారు గొంగళిని దూరమునుండి చూచియుందురు గాని, దానిలోని యొక్క పోగును పట్టి లాగి చూచియుండరు. ఉన్నిపోగు వేసినచోట వేసినట్లుండునది కాదు. బరువు తగిలినచో సాగును, సాగుచునే యుండును. బరువు తీసినచో మరలును, మరలుచునే యుండును. ఎంత లాగితిమన్నది మాత్రమే కాదు, ఎంతసేపు లాగి యుంచితిమి, తడిలో లాగితిమా, పొడిలో లాగితిమా, చల్లదనములోనా, వేడిలోనా యన్నదంతయు దానికి లెక్కయే. ఈ సంగతి తెలియక మేము చేసిన పొరపాటును, తెలిసిన పిమ్మట దానిని దిద్దుకొన్న విధమును ఇందు విన్నవించుచున్నాము. మన పెట్టెలలోని యున్నిబట్టలకు ఇది యుపకరించునని మా నమ్మకము.

మావారు బడిపంతులు. కొన్ని యేండ్ల క్రిందట వారికి అరకులోయ ప్రాంతమునకు బదిలీ యయ్యెను. సముద్రతీరమున పెరిగిన మాకు అంతవరకు ఉన్నిబట్టలతో పరిచయము లేదు. చలికాలమున దుప్పటి కప్పుకొనుటయే మేమెరిగిన చలిమందు. మా యత్తగారు మాత్రము చిన్ననాట రెండు సూదుల యల్లిక నేర్చినవారు. మేము బయలుదేరుటకు ముందు రెండు నెలలపాటు ప్రతి మధ్యాహ్నము వాకిట కూర్చుండి, మా పెద్దవానికొక నీలిరంగు స్వెటరు అల్లిరి. అప్పటికే వారి కన్నులు మసకబారుచుండెను. ఆ పైని చూపు మరింత తగ్గి, సూదులను పెట్టెలో పెట్టి మూతవేసిరి. కనుక అదియే వారి చేతి కడపటి యల్లిక.

ఆ చలికాలము చివర దానిని ఉతుకవలసి వచ్చెను. తక్కిన బట్టలను ఉతికినట్లే ఉతికి, మెలిపెట్టి పిండి, తీగపై రెండు భుజములకును క్లిప్పులు తగిలించి, మిట్టమధ్యాహ్నపు టెండలో వ్రేలాడవేసితిమి. నీరంతయు జారి క్రింది యంచులో నిలిచినది. సాయంకాలమునకు తీసి చూతుము గదా, రెండు జానలు మూడు వ్రేళ్లు ఉండవలసిన స్వెటరు మూడు జానలైనది. చేతులు ఎవరో పెద్దమనిషివి వలె క్రిందికి దిగినవి. అత్తగారు మంచముపైనుండి చేయి చాచి దానిని తడిమి, “ఇది యెవరిదమ్మాయీ? మన పిల్లవానిది కాదే!” అనిరి. తమ చేతిపనిని తామే గుర్తింపలేకపోయిరి. మాకు నోట మాట రాలేదు.

ఆ రాత్రి మావారితో చెప్పుకొని విచారించితిమి. వారు పాఠశాలలో భౌతికశాస్త్రము బోధింతురు. “ఉన్నికి స్థితిస్థాపకత యెక్కువ. తొందరపడి పారవేయకుడు. దాని సంగతి తెలిసికొని చూతము” అనిరి. ఆ స్థితిస్థాపక శబ్దము వినగానే మాకు పుట్టినింటి పాఠము జ్ఞప్తికి వచ్చెను.

మా తండ్రిగారు మమ్ము ఇంటనే చదివించిరి. కావ్యములైన పిమ్మట అన్నంభట్టుగారి తర్కసంగ్రహము చెప్పిరి. నేడు మన పిల్లల శాస్త్రపుస్తకములలో వాడబడు స్థితిస్థాపకమను మాట ఆ తర్కశాస్త్రములోనిదే. మన పూర్వులు ఇరువదినాలుగు గుణములను చెప్పి, అందు సంస్కారమను గుణమును మూడు తెగలుగా విభజించిరి: వేగము, భావన, స్థితిస్థాపకము. కదలిన వస్తువును ముందునకు గొనిపోవునది వేగము. అనుభవమునుండి పుట్టి జ్ఞాపకమునకు కారణమగునది భావన. వంచినదానిని గాని చుట్టినదానిని గాని తిరిగి పూర్వస్థితికి తెచ్చునది స్థితిస్థాపకము. చాప మొదలైనవానియందు అది కలదని చెప్పిరి. మనుష్యుని జ్ఞాపకమును, చుట్టిన చాప విచ్చుకొనుటయు ఒక్క గుణముయొక్క భేదములగుట యెట్లని చిన్ననాడు మా తండ్రిగారిని పలుమారు లడిగెడివారము. ఉన్నిపోగు సంగతి చదివిన పిమ్మట మా సందేహము చాలవరకు తీరినది. అది యెట్లో ముందు చెప్పెదము.

మొదట ఉన్ని యనగా నేమో చూతము. అది గొఱ్ఱె వెండ్రుక. మన తలవెండ్రుక, గోరు, పశువుల కొమ్ము, గిట్ట, ఇవన్నియు కెరాటిన్ అను ఒక్క జాతి మాంసకృత్తుతోనే యేర్పడినవి. అందుచేతనే వీనిలో దేనిని కాల్చినను ఒకే కమురువాసన వచ్చును. గొఱ్ఱెలన్నిటికి ఉన్ని యుండదు. నెల్లూరు జాతి గొఱ్ఱెకు పొట్టి వెండ్రుకలే గాని ఉన్ని లేదు. తీరపువారికి ఉన్నితో పరిచయము తక్కువగుటకు మా యూరి వేడిమితో పాటు ఇదియు నొక కారణమేమో. తెలంగాణములో మేయు దక్కనీ జాతి గొఱ్ఱెకు మోటైన నల్లయున్ని కలదు. కురుమల యిండ్లలో స్త్రీలు దానిని వడకుదురు. పడుగునకు చింతగింజల గంజి పట్టించి గొంగళి నేయుదురు. స్వెటర్లకు వాడు మెత్తని యున్నికి పేరుపడినది మెరీనో జాతి గొఱ్ఱె. దాని పోగు మందము మిల్లీమీటరులో సుమారు 50వ వంతు. మన తలవెండ్రుక దానికి రెండు మూడు రెట్లు లావుండును.

ఆ సన్నని పోగు పైభాగమున చేపపొలుసులవంటి పొలుసులు, లోపల కదురు ఆకారమున సన్నని కణములు ఉన్నవి. మెత్తని యున్నిపోగు సహజముగా నొక్కులు నొక్కులుగా నుండును. దాని రెండు ప్రక్కలును ఒక్క స్వభావము కలవి కావనియు, అందుచేతనే అది మెలిదిరుగుననియు జపానునకు చెందిన హోరియో, కోండో అను శాస్త్రజ్ఞులు 1953లో ప్రకటించిరి.

ఇట్టి పోగు నొకదానిని రెండు కొనలు పట్టి మెల్లగా లాగినచో నేమగును? నూటికి రెండు పాళ్లు సాగువరకు అది గట్టిగా నెదిరించును. రెట్టింపు సాగవలెనన్న రెట్టింపు బలము కావలయును. ఈ లెక్కను ఇంగ్లండులో రాబర్టు హుక్కు 1678లో ప్రకటించెను. ఆ రెండు పాళ్లు దాటిన పిమ్మట ఉన్ని గుణము మారును. బలము కొంచెము హెచ్చించిన చాలును, చాల దూరము సాగును. నూటికి 25, 30 పాళ్లవరకు ఇట్లు లొంగి, ఆపైని మరల బిగిసి, తుదకు తెగును. నూలుపోగైనచో నూటికి పది పాళ్లు సాగుటయే కష్టము.

అంతకంటె వింత యైన సంగతి నీటిలో కలదు. తడిసిన ఉన్నిపోగును నూటికి 30 పాళ్లవరకు లాగి, వదలి, నీటిలోనే ఒక రాత్రి విశ్రమింపనిచ్చినచో అది తన తొలి పొడవునకు వచ్చును. మరునాడు మరల లాగినచో, మొదటి దినమున ఎంత బలముతో ఎదిరించెనో అంత బలముతోనే ఎదిరించును. ఇంగ్లండులో లీడ్సు విశ్వవిద్యాలయమున స్పీక్‌మన్ అను శాస్త్రజ్ఞుడు 1920 తరువాతి దశకమున ఈ పరీక్షలు చేసెను. నీరు ఉన్నిని సులభముగా సాగనిచ్చును. ఆ నీరే దానిని మరలనిచ్చును. మా స్వెటరును చెడగొట్టినదియు, బాగుచేయగలదియు ఒక్కటేనని మావారు దీనిని చదివి చెప్పిరి.

ఇక కాలము మాట. పోగును కొంత సాగదీసి, ఆ పొడవుననే కట్టి యుంచినామనుకొందము. పొడవు మారదు, కాని పోగులోని బిగువు తగ్గుచు వచ్చును. మొదట త్వరగా తగ్గి, పిమ్మట మెల్లగా తగ్గును. ఒక సెకనునుండి పది సెకనుల లోపల ఎంత తగ్గునో, పదినుండి నూరు సెకనుల లోపల సుమారుగా అంతయే తగ్గును. నూరునుండి వేయి సెకనుల లోపల మరల సుమారుగా అంతయే. పసివాని యలుక యిట్టిదే గదా! మొదటి గడియలో ముప్పాతిక తీరును. మిగిలిన పాతిక సాయంకాలమువరకు ఎక్కడనో దాగియుండును. కట్టి యుంచుటకు బదులు పోగునకు బరువు వ్రేలాడదీసినచో, అది వెంటనే కొంత సాగి, ఆ పైని గంటలకొలది మెల్లమెల్లగా దిగుచునే యుండును. మా తీగపై జరిగినదిదియే. తడి బరువుతో అది మధ్యాహ్నమంతయు దిగుచునే యుండెను. మేము లోపల వంటయింటిలో నుంటిమి.

పోగులకు ఈ గుణమున్నదని మొట్టమొదట పరీక్షించి చెప్పినవారిలో జర్మనీ దేశపు విల్‌హెల్మ్ వెబరు ఒకడు. ఆయన యంత్రములలో వ్రేలాడదీయు పట్టుదారములను చూచి, బరువు పెట్టినంతనే సాగుట యొకటి, ఆ పిమ్మట చిరకాలము సాగుట మరియొకటి యనియు, బరువు తీసిన పిమ్మట మరలుటయు అట్లే రెండు విధములుగా నుండుననియు 1835లో వ్రాసెను. 1874లో ఆస్ట్రియా దేశపు లుడ్విగ్ బోల్జ్‌మన్ దీనికి గణితము కూర్చెను. వస్తువుయొక్క నేటి స్థితి నేటి బరువుచేత మాత్రమే నిర్ణయింపబడదు. అంతకుముందు అది మోసిన బరువులన్నియు అందులో చేరియుండును. ప్రాతవాని ప్రభావము క్రమముగా సన్నగిల్లును, ఇది యాయన సిద్ధాంతము. ఇది చదువగానే మాకు భావనయు స్థితిస్థాపకమును ఒక్క సంస్కారముయొక్క భేదములన్న మాట స్ఫురించెను. తనకు జరిగినదానిని లోపల నిలుపుకొనుట రెంటియందును కలదు. మన పూర్వులు ఈ గణితమును చెప్పిరని మేమనము. కాని ఆ రెంటిని ఒక్క పేరుక్రింద చేర్చుట ఊరక చేసినది కాదని మాత్రము మాకు తోచినది.

దీనిని ఇంటనే చూడదలచినవారు తమ దువ్వెనలో చిక్కిన పొడుగాటి వెండ్రుక నొకదానిని తీసికొనుడు. జిడ్డు పోవునట్లు కడిగి, ఆరనిచ్చి, గోడమేకునకు ఒక కొన కట్టి, రెండవ కొనకు చిన్న తాళపుచెవి కట్టుడు. తాళపుచెవి క్రింది యంచు ఎక్కడ నున్నదో గోడపై గీత గీయుడు. పిమ్మట తడిగుడ్డతో వెండ్రుకను మెల్లగా తడుపుడు. తాళపుచెవి గీతకు క్రిందికి దిగును. వెండ్రుక ఆరినకొలది మరల పైకి లేచును. వెండ్రుకకున్న ఈ గుణమును పట్టుకొనియే సొస్యూరు అను స్విట్జర్లండు పండితుడు గాలిలోని తేమను కొలుచు యంత్రము నిర్మించి, 1783లో దానినిగూర్చి గ్రంథము వ్రాసెను. మేము ఈ పరీక్ష చేసినప్పుడు మా పిల్లలు ఆ దినమంతయు ఆ గోడను విడువలేదు.

లోపల నేమి జరుగుచున్నది? కాకరతీగ, పొట్లతీగ పందిరిని పట్టుకొనుటకు సాచు నులితీగను చూచియుందురు. చుట్లు చుట్లుగా నుండును. లాగినచో చుట్లు విడి పొడవగును. వదలినచో మరల చుట్టుకొనును. ఉన్నిలోని కెరాటిన్ అణువులలో చాల భాగము ఇట్లే చుట్లు చుట్టుకొనియున్నవి. పూర్తిగా విచ్చుకొన్న చుట్ట తొలి పొడవునకు రెండు రెట్లకు మించి యుండును. 1928లో లీడ్సునకు వచ్చిన ఆస్ట్‌బరీ అను శాస్త్రజ్ఞుడు ఉన్నిని, వెండ్రుకను ఎక్స్-కిరణములతో చిత్రములు తీసెను. సాగని పోగు ఒక తీరు చిత్రము నిచ్చెను. బాగుగ సాగిన పోగు వేరొక తీరు చిత్రము నిచ్చెను. పోగు మరలగానే తొలి చిత్రమే తిరిగి వచ్చెను. మొదటిదానికి ఆల్ఫా యనియు, రెండవదానికి బీటా యనియు పేరులు పెట్టిరి. ఆల్ఫా చుట్ట ఆకారము సరిగా నెట్టిదో తేల్చినది అమెరికా దేశపు లైనస్ పౌలింగు. 1948లో ఆయన ఆక్స్‌ఫర్డులో జలుబుతో మంచమెక్కి యుండి, ప్రొద్దుపోక, ఒక కాగితపు పట్టీపై అణువులను గీచి, దానిని మడిచి మడిచి చూచి, ఆ చుట్టను కనుగొనెను. 1951లో తన సహచరులతో కూడి దానిని ప్రకటించెను.

చుట్టలను విడిపోకుండ పట్టియుంచు బంధములు రెండు రకములు. ఒకటి ఉదజని బంధములు. ఇవి లెక్కకు మిక్కిలి, బలమునకు తక్కువ. నీరు తగిలినచో చాలవరకు విడిపోయి, ఆరినప్పుడు ఎక్కడివక్కడ మరల ముడిపడును. రెండవది గంధకపు బంధములు. ఇవి కొలదిగా నున్నను గట్టివి. ఒక గొలుసును ప్రక్కగొలుసుతో కట్టియుంచును. చన్నీటికి ఇవి లొంగవు. ఆవిరియు, క్షారములును, కొన్ని మందులును మాత్రమే వీనిని త్రెంపగలవు.

మొదటి రకమును మనము ప్రతి వారము చూచుచునే యున్నాము. తలంటుకొని, తడియారకమునుపే జడ యల్లుకొని, ఆరిన పిమ్మట విప్పినచో కురులు అలలవలె నిలుచును. మరల తలపై నీరు పడినంతనే ఆ యలలు మాయమగును. తడిలో విడిన చిన్న బంధములు జడ ఆకారముననే ముడిపడుటయు, మరల తడియగానే విడిపోవుటయు దీనికి కారణము. ఉన్ని ప్యాంటునకు ఇస్త్రీ చేసిన మడత వానలో తడిసినచో పోవుటయు ఇట్టిదే.

రెండవ రకము తెలిసికొనుటకు లీడ్సులో చేసిన మరియొక పరీక్షను చెప్పవలయును. సాగదీసిన పోగును ఆవిరిలో రెండు నిమిషములు మాత్రముంచి, ఆవిరిలోనే వదలిరి. అది తొలి పొడవునకు వచ్చుటయే గాక, ఇంకను కురుచయైనది. గంధకపు బంధములు తెగినవి గాని, క్రొత్తవి ఇంకను ముడిపడలేదు. కట్టుదప్పిన గొలుసులు ముడుచుకొనిపోయినవి. అట్టిదే మరియొక పోగును, అంతయే సాగదీసి, ఆ యావిరిలోనే అరగంటకు పైబడి యుంచి వదలిరి. అది మరలలేదు. ఎంత యావిరి పట్టినను తొలి పొడవునకు రాలేదు. సాగిన ఆకారముననే క్రొత్త ముడులు పడి, అదియే దాని స్వస్థితి యైపోయినది. పోగు ఒకటే, సాగుట ఒకటే, ఆవిరి ఒకటే. భేదమంతయు కాలమునందే యున్నది. కొంతసేపటిది మరలును, అంతకంటె కొంతసేపు హెచ్చైనచో మరల దారి లేదు.

ఈ గుణమును మనుష్యులు లాభమునకు వాడుకొనిరి. 20వ శతాబ్ది మొదటి దశకమున కార్ల్ నెస్లరను జర్మను క్షురకుడు లండనులో స్త్రీల వెండ్రుకలను కడ్డీలకు చుట్టి, క్షారపు నీరు పట్టించి, వేడిచేసి, తడిసినను పోని యలలను కల్పించెను. మొదటి పరీక్షలు తన భార్య తలపైననే చేసెననియు, ఆమె వెండ్రుకలు కాలిపోయెననియు చెప్పుదురు. శాస్త్రజ్ఞుల ఇల్లాండ్ర యోర్పునకు ఏ యంత్రమును కొలత చెప్పలేదు. 1957లో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధనశాలలో ఆర్థరు ఫార్న్‌వర్తు అనునాయన, గంధకపు బంధములను త్రెంపి మరల ముడివేయు మందు చల్లి ఆవిరితో ఇస్త్రీ చేసి, ఎన్నిసారులు తడిసినను చెదరని మడతలను ఉన్ని గుడ్డలకు కల్పించెను. దానికి సిరోసెట్ అని పేరు.

ఇప్పుడు గృహమునకు వత్తము. ఇంత చిన్న పనికి ఇంత శాస్త్రమా, గొంగళిలో తినుచు వెండ్రుకలేరినట్లున్నదే యని కొందరు నవ్వవచ్చును. ఏరవలసిన వెండ్రుకలు ఈ క్రిందివి మాత్రమే.

మొదట, మీ యొద్దనున్నది నిజముగా ఉన్నియేనా యని చూచుకొనుడు. నేడు అంగళ్లలో ఉన్ని యని యిచ్చునది చాలవరకు ఆక్రిలిక్ అను కృత్రిమపు నూలు. లోపలి కుట్టునుండి చిన్న దారపు తునక తీసి, పిల్లలకు దూరముగా, పళ్లెములో పెట్టి కాల్చి చూడుడు. ఉన్ని వెండ్రుక కాలిన వాసన వేసి, నలిపినచో పొడియగు నల్లని బూడిద యగును. ఆక్రిలిక్ కరగి గట్టి పూసగా మిగులును. ఇందు చెప్పిన నీటి చికిత్స ఉన్నికే గాని దానికి పనికిరాదు.

ఉతుకునప్పుడు గోరువెచ్చని నీటిలో తేలికైన సబ్బుతో మెల్లగా ఒత్తి ఉతుకుడు. చాకిరేవు సోడా తగులనీయకుడు, అది క్షారము. రుద్దుట, బాదుట, మెలిపెట్టి పిండుట కూడదు. అట్లు చేసినచో పోగుల పైనున్న పొలుసులు ఒకదానిలో నొకటి చిక్కుకొని, బట్ట గట్టిపడి బిగిసిపోవును. సాగిన స్వెటరును దిద్దుకొనవచ్చును గాని, ఇట్లు బిగిసినదానిని దిద్దుకొనుట సాధ్యము కాదు. రెండును వేరువేరు వ్యాధులని తెలియుడు.

ఆరవేయునప్పుడు తీగపై వ్రేలాడదీయకుడు. పొడి తువాలులో చుట్టి ఒత్తి, నీరు తీసి, నీడలో మంచముపై పరచి, చేతులతో కొలతకు సర్దుడు. అల్లిన బట్టలో పోగుకంటె ముందు కుట్ల వలయములే సాగును. అవి మరలుటకు కావలసిన బలము పోగునుండియే రావలయును. తడిలో బరువు, ఎండలో వేడి, దినమంతయు కాలము, ఈ మూడును ఒక్కచోట కూడినచో పోగునకు మరలు దారి కరవగును. వీనిలో ఏ యొక్కటి తప్పించినను మేలు; బరువును తప్పించుట అన్నిటికంటె సులభము.

ఇస్త్రీ చేయునప్పుడు తడిగుడ్డ పరచి, పెట్టెను ఎత్తి పెట్టుడు గాని లాగకుడు. చేసిన పిమ్మట చల్లారి ఆరువరకు కదల్పకుడు. అప్పుడున్న ఆకారమే నిలుచును. దాచునప్పుడు మడిచి పెట్టుడు. కొయ్యకు వ్రేలాడదీసినచో ఆరు నెలల కాలము భుజములను సాగదీయుచునే యుండును. ఒకదినము తొడిగినదానిని మరునాడు విశ్రమింపనిండు. మోచేతులయొద్ద ఉబ్బినది దానంతట తానే చాలవరకు సర్దుకొనును. ముడుతలు పడినచో స్నానపుగదిలో వేడినీటి యావిరి తగులునట్లు ఒక రాత్రి యుంచుడు. ఉన్ని తన బరువులో మూడవ వంతు తేమను పీల్చుకొనగలదు; ఆ తేమయే ముడుతలను విప్పును.

ఇక మా స్వెటరు సంగతి. మరునాటి యుదయమున దానిని గోరువెచ్చని నీటిలో గంటసేపు నానబెట్టితిమి. తువాలులో చుట్టి నీరు తీసి, నులకమంచముపై పాత దుప్పటి పరచి, దానిపై వేసితిమి. “ఎంత పొడవున సర్దవలయునో నాకు తెలియును, మీరు చేతులు తీయుడు” అని అత్తగారు ముందునకు వచ్చిరి. చూపు లేని కన్నులతో, జానతో కొలుచుచు, అంచును మెల్లగా పైకి త్రోయుచు, కుట్టుకు కుట్టు సర్దుకొనుచు చాలసేపు కూర్చుండిరి. నీడలో అది ఆరుటకు రెండు దినములు పట్టెను. అంతయు ఒక్కమారు కుదురలేదు. ఇంకొకసారి నానబెట్టి మరల పరచితిమి.

తుదకు రెండు జానలు నాలుగు వ్రేళ్లకు వచ్చినది. ఒక్క వ్రేలు హెచ్చు మిగిలినది. భుజములమీద క్లిప్పులు తగిలించినచోట రెండు చిన్న చెవులవలె లేచినది మాత్రము ఎన్ని విధముల చూచినను పూర్తిగా అణగలేదు. బరువంతయు మోసినది ఆ రెండు చోట్లే. ఎండ సూటిగా తగిలినదియు అచ్చటనే. అది మా పొరపాటునకు గురుతు. మేము దానిని దాచుటకు కుట్టు వేయలేదు.

అత్తగారు దానిని మరల చేతిలోనికి తీసికొని, అంగుళము అంగుళముగా తడిమి, ఎడమ చంకక్రింద ఒకచోట వ్రేలు నిలిపిరి. “ఇదిగో, ఇక్కడ ఒక కన్ను జారవిడిచితిని. మరునాడు తెలిసినది గాని విప్పబుద్ధి పుట్టలేదు. ఇది మన పిల్లవానిదే” అనిరి.

పెద్దవాడు ఎదిగినాడు. ఈ చలికాలము ఆ స్వెటరును రెండవవాడు తొడుగుకొనుచున్నాడు. హెచ్చైన ఆ యొక్క వ్రేలు వానికి సరిపోయినది.